చలిలోంచి తోడిన వేడి

పొయ్యిల మేస్త్రికి లోకం మీద పెద్ద నమ్మకం లేదు, మనుషుల మీద అంతకన్నా లేదు. ఆయన నమ్మిందల్లా నిప్పునే. నిప్పు మాట తప్పదు. కట్టె వేస్తే మండుతుంది, వెయ్యకపోతే ఆరుతుంది, మధ్యలో కల్లబొల్లి కబుర్లు చెప్పదు. మీసాలు రాకముందే బడి ఎగ్గొట్టి తండ్రి వెనకాల మసిబుట్ట మోసిన మనిషి ఆయన. ఇల్లంతా వెచ్చబెట్టేలా నడిమధ్యన ఇటుకతో నిలువెత్తు పొయ్యి కట్టడం, దాని పొగగొట్టం తుడవడం, పగుళ్ళు మెత్తడం, ఇంతే తెలిసిన విద్య. చలికాలం వస్తే నేల రాయిలా బిగుసుకుపోయే ఆ ఊళ్ళో ఒకప్పుడు ఆయన కోసం జనం వాకిట్లో కాచుకుని కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఎదురుపడినా ముక్తసరిగా పలకరించి సందు మలుపులో మాయమవుతున్నారు. ఊళ్ళో ఒక్కో పొగగొట్టమే చల్లారుతూ వచ్చింది, దాంతోపాటు ఆయన మాట చేదెక్కుతూ వచ్చింది.

అలాంటి మనిషి ఆసుపత్రిలో ఒక గాజుపెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

పెట్టెలో ఉన్నది ఆయన కూతురి కూతురు. నెలలు నిండకుండానే తోసుకుని వచ్చేసింది. తండ్రేమో సరుకు ఓడ మీద పనివాడు, ఒడ్డెక్కడానికి ఇంకా చాలా నాళ్ళు పడుతుంది. పిల్ల చేతివేళ్ళు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. "గుప్పెడు కూడా లేదండీ" అంది మేస్త్రి భార్య మొదటిరోజున. ఆ మాటే పిల్లకు అంటుకుపోయింది. అసలు పేరు పెట్టేదాకా అందరికీ అది గుప్పెడే.

గుప్పెడు కాస్త ఒళ్ళు చేసింది, పాలు తాగడం నేర్చింది. డాక్టరు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. పెద్ద చదువులవాళ్ళకు ఎదుటి మనిషి మొహం చూసే తీరిక ఎక్కడిది?

"ఇంటికి పంపచ్చు. కానీ గది పగలూ రాత్రీ ఒకే వెచ్చదనంలో ఉండాలి. ఇంట్లో పొగ అస్సలు ఉండకూడదు. మీ ఇంట్లో ఏం వాడతారు?"

"పొయ్యి" అన్నాడు మేస్త్రి, ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "నా చేత్తో కట్టిన ఇటుక పొయ్యి. చుక్క పొగ బయటికి రాదు."

డాక్టరు అప్పుడు తల ఎత్తాడు. "కట్టె వేసేటప్పుడు తలుపు తీస్తారా లేదా?"

"తియ్యకుండా ఎలా వేస్తాం?"

"అదే పొగ. ఆ పిల్ల ఊపిరితిత్తులకు అది చాలు. ఇంట్లో సదుపాయం కుదిరేదాకా ఇక్కడే ఉంచండి. మా నర్సు వచ్చి గది చూసి సరేనంటేనే పంపుతాం."

కూతురు ఆ పూట ఏడవలేదు. గాజుకు నుదురు ఆనించి నిలబడింది. అంతే. అది ఏడ్చి ఉంటే మేస్త్రికి ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

*

ఇంటికి రాగానే భార్య తమ్ముడికి ఫోన్ చేసింది. మేస్త్రికి ఒళ్ళు మండింది. ఎందుకంటే ఈ బావమరిది వృత్తి ఏమిటో ఊరందరికీ తెలుసు. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తూ మొదలై ఇప్పుడు ఇళ్ళను కరెంటుతో వెచ్చబెట్టే హీట్ పంపులు బిగిస్తున్నాడు. పొగగొట్టాలు చల్లారడంలో సగం పాపం అతనిదేనని మేస్త్రి లెక్క. ఏ విందులో కలిసినా ఇద్దరికీ ఇదే రభస. మిగతావాళ్ళకు కాలక్షేపం.

బావమరిది చంకలో నిచ్చెన, మెళ్ళో టేపు, బుజాన సంచితో దిగాడు. కుర్చీలో కూర్చోకుండా ఇల్లంతా తిరిగి గోడల మందం తట్టి చూశాడు, కిటికీ సందుల దగ్గర తడివేలు పెట్టి గాలి ఎటునుంచి వస్తోందో కనిపెట్టాడు, అటకెక్కి దుమ్ము కొట్టుకుని దిగాడు.

"ఏం బావా, పొయ్యి బాగుందా? ఒంట్లో కులాసాయేనా దానికి?"

"వెక్కిరించు, వెక్కిరించు. నీ డబ్బా కరెంటు పోతే చచ్చిన పీనుగ. నా పొయ్యి అలాక్కాదు."

"నీ పొయ్యి కట్టెలు అయిపోతే ఏం చేస్తుందో?"

"ఇద్దరూ బయటికి పోయి కొట్టుకోండి" అంది మేస్త్రి భార్య. "అక్కడ పిల్ల గాజుపెట్టెలో ఉంది."

మేస్త్రే ముందు తగ్గాడు. "సరే, పెట్టు. పెట్టేదేదో కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్దది పెట్టు. పిల్ల విషయంలో పిసినారితనం నాకు లేదు."

"పెద్దది పెడితే పాడవుతుంది బావా."

"ఇదేం విడ్డూరంరా? పెద్ద పొయ్యి ఎక్కువ వేడి ఇవ్వదూ?"

"ఇస్తుంది. గబగబా వేడెక్కించి ఆగిపోతుంది. గది చల్లబడుతుంది. మళ్ళీ ఉలిక్కిపడి లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. రోజంతా అలా పడుతూ లేస్తూ ఉంటే గదీ ఎగుడుదిగుడే, మిషనూ తొందరగా అరుగుతుంది. డాక్టరు ఏమన్నాడు? ఒకే తీరుగా ఉండాలన్నాడు కదా? ఈ గదికి, ఈ గోడలకు, మన ఊరి ముదురు చలికి ఎంత కావాలో అంతే పెట్టాలి. అది నెమ్మదిగా, ఆగకుండా నడవాలి."

మేస్త్రికి లోపల ఎక్కడో తగిలింది. కొత్త పొయ్యి కట్టేముందు తానూ ఇలాగే గోడలు తట్టేవాడు. ఇంటాయన పెద్దది కట్టమని పోరితే తానూ ఇలాగే కసిరేవాడు. ఆ సంగతి పైకి ఒప్పుకుంటాడా! "ముందు ఆ ఉత్తరం కిటికీ సందులు నేను మూస్తాను. నీ డబ్బా వల్ల కాకపోతే సందుల మీద నెపం వెయ్యకుండా" అని గొణిగి సున్నం కలపడానికి వెళ్ళిపోయాడు.

మిషనుకు ఇంటి బయట ఉండే పెట్టె ఎక్కడ పెట్టాలన్న దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. మేస్త్రి కట్టెల కొట్టం ఖాళీ చేసి చూపించాడు. మూడు వైపులా గోడ, పైన రేకు. "ఇందులో పెట్టు. మంచు పడదు, గాలి కొట్టదు. వెచ్చగా ఉంటుంది."

బావమరిది నవ్వాపుకోలేకపోయాడు. "అది పడుకోవడానికి రాలేదు బావా. గాలి మింగి గాలి వదలడానికి వచ్చింది. కొట్టంలో పెడితే వదిలిన చల్లగాలినే మళ్ళీ మింగుతుంది. ఆరుబయట, నేలకు ఎత్తులో, కింద నీళ్ళు పోయే దారి వదిలి పెట్టాలి."

"ఆరుబయటా? ఈ చలిలోనా? ఇనుప చువ్వకు తడి చెయ్యి తగిలితే ఊడిరాని చలిలో అక్కడ వేడి ఎక్కడినుంచి వస్తుందిరా దానికి?"

"ఆ చలిలోంచే."

మేస్త్రి బావమరిది కళ్ళల్లోకి చూశాడు. ఎగతాళి కనపడలేదు.

"మీ ఫ్రిజ్ వెనక ఎప్పుడైనా చెయ్యి పెట్టావా? వెచ్చగా ఉండదూ? లోపల పెట్టిన పాలలోంచి, నీళ్ళలోంచి తోడిన వేడే అది. అదే పని ఇది పెద్ద ఎత్తున చేస్తుంది. గొట్టాల్లో తిరిగే గ్యాసు ఈ చలికన్నా చల్లగా ఉంటుంది, అందుకని చలిగాలిలో ఉన్న కాస్త వేడీ దాంట్లోకి దిగుతుంది. దాన్ని నొక్కి పిండితే కాగిపోతుంది. ఆ కాక తీసుకెళ్ళి గదిలో వదులుతుంది. ఎండాకాలం తిప్పేస్తే గదిలో ఉక్క తోడి బయట పారబోస్తుంది. మంట లేదు, పొగ లేదు."

"చలిలో వేడి ఉందంటావు."

"బోలెడుంది."

"చీకట్లో వెలుతురు కూడా ఉందేమో, ఒక డబ్బా పట్టుకురా, తోడుకుందాం" అన్నాడు మేస్త్రి. భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

*

పొయ్యి ఆర్పే పని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. బూడిద తనే ఎత్తాడు, పొగగొట్టం తనే తుడిచాడు, చలిగాలి అందులోంచి దిగకుండా దాని నోరు మూశాడు. ఇటుకలు ఆ రోజంతా గోరువెచ్చగానే ఉన్నాయి. దాటి వెళ్ళినప్పుడల్లా ఆయన చెయ్యి వాటి మీద పడుతూనే ఉంది. మర్నాటికి అవి ఉత్త గోడ.

రాగి గొట్టాలు గోడలోంచి దూర్చి, ఆరుబయట ఇనుప కాళ్ళ మీద పెట్టె నిలబెట్టి, లోపల గోడకు పొడుగాటి తెల్ల డబ్బా తగిలించి బావమరిది మీట నొక్కాడు. చప్పుడు లేదు. మంట లేదు. ముందు చల్లగా, తర్వాత గోరువెచ్చగా, ఆ తర్వాత పొద్దున ఎండలా గాలి దిగింది. మేస్త్రి స్టూలెక్కి డబ్బా చుట్టూ తడిమాడు, సందుల్లోంచి తొంగి చూశాడు.

"కాయిల్ ఎక్కడ దాచావురా?"

"ఏ కాయిలూ లేదు."

"ఇస్త్రీపెట్టెలో ఉంటుందే, ఎర్రగా కాలేది. ఎక్కడో దాచి ఉంటావు."

"విప్పి చూపించమంటావా?"

విప్పి చూపించాడు. సన్నటి రేకు పొరలు, వాటి మధ్య రాగి వంపులు, ఒక గుండ్రటి ఫ్యాను. కాలేది ఏదీ లేదు. మేస్త్రి కిందికి దిగి కూర్చున్నాడు. ఏదో మోసం ఉంది, ఎప్పటికైనా బయటపడుతుందని తనకు తాను చెప్పుకున్నాడు.

మోసం దొరక్కపోగా ఆయన చేత్తోనే ఒక తప్పు దొరికింది. పొయ్యి ఉన్న ఇంట్లో పడుకునేముందు నిప్పుల మీద నివురు కప్పుతారు, పొద్దున లేచి రాజేస్తారు. ఆ అలవాటు చొప్పున మేస్త్రి పడుకునేముందు మిషన్ ఆపేసి, పొద్దున లేచి ఉన్నదాంట్లోకెల్లా పెద్ద అంకెకు పెట్టేవాడు. రెండు రాత్రులు ఇలా జరిగేసరికి నర్సు వచ్చింది. గోడకు గది వేడి అంకెల్లో చూపే తన చిన్న కొలత తగిలించి కాసేపు కూర్చుంది. పొట్టి మనిషి, గట్టి గొంతు.

"పెద్దాయనా, పొద్దున గది ఎంత చల్లగా ఉంది?"

"చల్లగానే ఉంటుంది కదమ్మా పొద్దున."

"ఉండకూడదు. పిల్లను ఇప్పుడే పంపలేం" అని కొలత అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

బావమరిది వచ్చి విషయం విని నెత్తి కొట్టుకున్నాడు. "బావా, ఇది పరుగుపందెం కాదు. రోజంతా నడిచే మనిషిని రాత్రి పండబెట్టి పొద్దున పరిగెత్తించావు. ఒక అంకె పెట్టి మర్చిపో. గోడలు, మంచం, నేల అన్నీ వెచ్చదనం తాగి కూర్చోవాలి. చేతులు దురదపెడితే నెలకోసారి డబ్బాలో దుమ్ము పట్టే ఈ జల్లెడ తీసి కడుగు."

మేస్త్రి జల్లెడ తీశాడు. మసి ఉంటుందనుకున్నాడు. బూడిదరంగు నూగు, దుప్పటి పీచు, భార్య తల వెంట్రుక ఒకటి. నీళ్ళ కింద కడిగి నీడలో ఆరబెట్టి మళ్ళీ తొడిగాడు. పొగగొట్టం తుడిచేవాడికి ఇది చిన్నపిల్లల ఆట. అయినా పని పని లాగానే చేశాడు. ఆ రాత్రి నుంచి మిషన్ని ముట్టుకోలేదు. గోడ మీది కొలత ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర నిలబడింది. మర్నాడు ఇరవై నాలుగు. ఆ మర్నాడూ అంతే. నిప్పును జీవితమంతా కాపలా కాసినవాడికి ఆ కదలని అంకె కొంచెం భయం కలిగించింది కూడా. ఏ నిప్పూ ఇంత బుద్ధిగా ఉండదు.

నర్సు మళ్ళీ వచ్చి తల ఊపింది. గుప్పెడు ఇల్లు చేరింది.

*

ఆ చలికాలానికంతటికీ ముదురు చలి గుప్పెడు వచ్చిన తర్వాతే విరుచుకుపడింది. తెల్లారేసరికి కిటికీ అద్దాల మీద మంచు ఆకులు ఆకులుగా అల్లుకుంది. గాలిలో తేమ ఉంది, ముక్కుపుటాలు అంటుకుపోతున్నాయి. మేస్త్రి చెత్త పారబోయడానికి బయటికి వచ్చి బయటి పెట్టె దగ్గర ఆగాడు. దాని వీపు మీద తెల్లటి మంచు పూత మందంగా కట్టింది. చూస్తుండగానే ఫ్యాను ఆగిపోయింది.

"ఆగిందేంటి?" అనుకునేలోపు లోపల్నుంచి బుసబుసమంటూ చప్పుడొచ్చింది. తర్వాత తెల్లటి పొగ గుప్పుమని లేచింది. ఒక పాయ కాదు, గడ్డివాము అంటుకున్నట్టు మేఘంలా లేచి పెట్టె మొత్తాన్ని కమ్మేసింది.

మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి. జీవితంలో ఆయనకు పొగంటే ఒకటే అర్థం. "అంటుకుంది! అంటుకుంది!" అని కేకపెట్టాడు. చేతులు వాటంతట అవే పని చేశాయి. గోడకున్న మీట కిందికి లాగి కరెంటు తీసేశాడు. గొట్టం మంట పట్టినప్పుడు పొయ్యి మేస్త్రులు చేసేదే చేశాడు. మూలనున్న గోనెపట్టా గుమ్మం లోపలి తొట్టి నీళ్ళలో ముంచి పెట్టె మీద కప్పి, నాలుగు వైపులా అదిమి, ఊపిరాడకుండా నొక్కాడు. పొగ ఆగింది.

హమ్మయ్య అనుకున్నాడు. పిల్లను కాపాడాననే అనుకున్నాడు పాపం.

భార్య శాలువా కప్పుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది. "కాలిన వాసన రావడం లేదేమండీ?"

అప్పుడు ఆయన ముక్కు ఎగపీల్చాడు. మసి వాసన లేదు. రబ్బరు కాలిన వాసన లేదు. తడి గోనె వాసన, చలి వాసన. చెయ్యి పెట్టి చూస్తే పెట్టె మీద కాక లేదు.

బావమరిది ఫోన్ ఎత్తి విన్నాడు, విని పెద్దగా నిట్టూర్చాడు. "అది పొగ కాదు బావా, ఆవిరి. వీపు మీద మంచు పేరుకుంటే అదే ఆగి, గదిలోంచి కాస్త వేడి వెనక్కి తీసుకుని మంచు కరిగించుకుంటుంది. ఆ తడే ఆవిరై లేస్తుంది. నీళ్ళు కింద కారతాయి. అయిపోగానే మళ్ళీ నడుస్తుంది. నీకు చెప్పడం మర్చిపోయాను. నాదే తప్పు. గోనె తీసేసి మీట వెయ్యి."

"గోనె రావడం లేదురా."

"ఎందుకు రాదు?"

"తడిపి కప్పాను కదా. అతుక్కుపోయింది."

గోనె రాయై కూర్చుంది. ముందువైపు కమ్మీల్లోంచి నీళ్ళు లోపలికి కారి ఫ్యాను రెక్కను కూడా గడ్డకట్టించి పట్టేశాయి. ఆ చలిలో ఆయన కప్పింది దుప్పటి కాదు, తాళం.

"నేను ఘాటు రోడ్డు అవతల ఉన్నాను, వచ్చేసరికి పొద్దెక్కుతుంది" అన్నాడు బావమరిది. ఇప్పుడతని గొంతులో వేళాకోళం లేదు. "బావా, విను. ఉలి ముట్టుకోవద్దు. సుత్తి ముట్టుకోవద్దు. ఆ వెనక రేకులు కాగితంలాంటివి, వాటి వెనకే గ్యాసు గొట్టాలు. ఒక్క బెజ్జం పడితే ఇక ఈ చలికాలానికి అది లేవదు. మరిగే నీళ్ళు పోస్తే ఏదో ఒకటి పగులుతుంది. పిల్లకు స్నానం చేయించే వేడితో నీళ్ళు పోస్తూ చేత్తోనే తియ్యి. తొందరపడకు."

మేస్త్రి చేతిలో అప్పటికే ఉలి ఉంది. ఎప్పుడు తీశాడో తనకే తెలియదు. దాన్ని మంచులోకి విసిరేశాడు.

ఇంట్లో కూతురు పిల్లను చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని పైన రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుంది. గుప్పెడు తల మాత్రం గడ్డం కింద కనపడుతోంది. గోడ మీది కొలత ఇరవై మూడు.

"నాన్నా, పొయ్యి వెలిగిస్తావా?" అని అడిగింది మెల్లగా.

ఆయన పొయ్యి వైపు చూశాడు. కట్టెలు కొట్టంలోనే ఉన్నాయి. మూసిన గొట్టం నోరు తెరవడం ఆయనకో లెక్క కాదు. చల్లారిన ఇటుక రాజుకునేటప్పుడు, గొట్టం ఇంకా వేడెక్కక పైకి లాగలేనప్పుడు, మొదటి పొగ ఎటు పోతుందో ఊళ్ళో ఆయనకన్నా తెలిసినవాడు లేడు. అది ఇంట్లోకే పోతుంది.

"లేదమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం ఆయనకే వింతగా వినపడింది. "వెలిగించను. నువ్వు దాన్ని అలాగే పట్టుకో. గోడలు వెచ్చగా ఉన్నాయి. అవి కాసేపు కాస్తాయి."

గ్యాసు స్టవ్ మీద భార్య నీళ్ళు కాచి, మోచెయ్యి ముంచి చూసి, చెంబులతో అందించింది. ఆయన పోశాడు. పోసిన నీళ్ళు కాస్త ఆలస్యమైతే మళ్ళీ గడ్డకట్టేవే, అందుకని పోసిన చోట వెంటనే వేళ్ళు దూర్చి గోనెను పీచుపీచుగా లాగాడు. ఇటుకలు మోసి బండబారిన వేళ్ళు. అయినా చలికి ముందు మొద్దుబారాయి, తర్వాత మండాయి, తర్వాత ఎవరివో వేళ్ళలా అయిపోయాయి. ఒక మూల ఊడింది. లోపల ఫ్యాను కనిపించింది, గాజులో పెట్టినట్టు.

"ఇరవై రెండున్నర" అంది భార్య లోపల్నుంచి.

ఆయన రెక్క మీద నీళ్ళు సన్నధారగా పోశాడు. ఎన్నడూ దేన్నీ బతిమాలని మనిషి దాన్ని బతిమాలాడు. "కదులు తల్లీ. నీకు మొక్కుతాను, కదులు. పొయ్యిల మేస్త్రిని, బుద్ధి తక్కువై కప్పాను, నా మొహం చూడొద్దులే, లోపల పిల్ల మొహం చూడు."

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది భార్య చెంబు అందిస్తూ.

"నీ తమ్ముడి డబ్బాతో."

ఆవిడ నవ్వలేదు. తనూ గోనె ఇంకో అంచు పట్టుకుంది. ఇద్దరూ లాగారు. పట్టా చప్పుడు చేస్తూ పలకలా ఊడి కింద పడింది. రెక్కను చిటికెనవేలితో తోశాడు. కదల్లేదు. ఇంకో చెంబు. మళ్ళీ తోశాడు. ఒక్క చుట్టు తిరిగింది, మంచు తునకలు రాలుస్తూ.

మీట వేశాడు.

ఏమీ కాలేదు. "కాసేపు ఆలోచించుకుంటుంది, తొందరపెట్టకు" అని ఫోన్‌లో ముందే చెప్పాడు బావమరిది. మేస్త్రి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లోపల్నుంచి "ఇరవై రెండు" అని వినిపించింది. పొయ్యి ఎంతసేపటికి రాజుకుంటుందో ఆయనకు చెయ్యి తిరిగిన లెక్క. దీని లెక్క ఆయనకు తెలియదు. తెలియనిదాని ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన జీవితంలో ఇది రెండోసారి. మొదటిది గాజుపెట్టె ముందు.

లోపలెక్కడో చిన్నగా గురగుర. మళ్ళీ బుసబుస, మళ్ళీ తెల్లటి మేఘం. ఈసారి ఆయన కదల్లేదు. ఆవిరి మొహానికి కొట్టింది. తడి, వాసన లేని, శుభ్రమైన ఆవిరి. వీపు మీది మంచు పూత జారి, కరిగి, కింద దారివెంట బొటబొటా కారింది. మేఘం విడిపోయింది. ఫ్యాను ఒకసారి వణికి, తిరగడం మొదలుపెట్టింది.

దాని ముందు అరచెయ్యి పెట్టాడు.

గాలి చల్లగా ఉంది. మామూలు చల్లన కాదు. చెయ్యి పక్కకు తీసి ఆరుబయట పట్టుకున్నాడు, ఊరి చలి తగిలింది. ఎముకలు కొరికే చలే. మళ్ళీ ఫ్యాను ముందు పెట్టాడు. ఇది ఇంకా చల్లన. ఊరు మొత్తాన్ని బిగించి పట్టిన ఆ చలికన్నా చల్లన. పక్కకు తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఎన్నిసార్లు చేసినా అంతే.

అప్పుడు ఆయనకు అర్థమైంది. బావమరిది చెప్పినప్పుడు చెవికెక్కనిది మొద్దుబారిన అరచేతికి అర్థమైంది. ఈ గాలి ఒకవైపు నుంచి ఊరి చలిలా లోపలికి వెళ్ళింది, ఇంకోవైపు నుంచి అంతకన్నా చల్లగా బయటికి వస్తోంది. ఆ తేడా ఎక్కడికో పోవాలి కదా? పోయింది. గోడ అవతలికి పోయింది. తను పుట్టినప్పటినుంచి తిట్టిన చలి, తండ్రి వేళ్ళు తినేసిన చలి, కట్టెలు కొట్టీ కొట్టీ నడుం విరగ్గొట్టుకుని తరిమిన చలి. అందులోనే ఇంకా వేడి ఉంది. ఇస్తోంది. అడిగినవాడు లేక ఇన్నాళ్ళూ దాచుకుంది.

ఆయన తల ఎత్తి చూశాడు. ఎదురింటి కప్పు మీద మంచు, వీధి స్తంభాల మీద మంచు, ఊరి చివర బోసి చెట్ల మీద మంచు, ఆ పైన రంగు లేని ఆకాశం. ఇదంతా చచ్చిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఎటు చూస్తే అటు వేడి ఉంది. గాలి నిండా ఉంది.

"ఏమండీ! పెరుగుతోంది! ఇరవై రెండుంపావు!" భార్య గొంతు. ఆ వెనకే సన్నటి కీచుగొంతు. గుప్పెడుకు ఆకలేసింది.

మేస్త్రికి లోపలికి వెళ్ళాలనిపించలేదు. ఎవరికైనా చూపించాలనిపించింది. ఎవరికీ దేన్నీ చూపించి ఎరగని మనిషి, ఎవరి పనినీ ఒక్కసారైనా మెచ్చుకోని మనిషి, గేటు దగ్గరికి పరిగెత్తి వీధిలోకి చూశాడు. వీధి ఊడ్చే ఆవిడ చీపురు చంకలో ఇరికించుకుని నోటి ఆవిరితో చేతులు కాచుకుంటోంది. మేస్త్రి నోరంటే జడిసి వీధిలో అందరికన్నా ముందు తప్పుకునేది ఆవిడే.

"అమ్మా, ఇట్రా! ఒక్కసారి ఇట్రా!"

"నేనేం చేశానయ్యా? మీ గుమ్మం ముందు ఊడ్చేశాను కదా పొద్దున్నే."

"ఊడ్చడం కాదమ్మా, చెయ్యి పెట్టి చూడు."

ఆవిడ అనుమానంగా వచ్చింది. నేల మీద పీలికలైన గోనె, మంచులో పడున్న ఉలి, మోచేతుల దాకా తడిసి ఎర్రబడ్డ మేస్త్రి. తాగాడేమోనని వాసన చూసింది. చేతితొడుగు తీసి ఫ్యాను ముందు చెయ్యి పెట్టి గబుక్కున లాక్కుంది.

"చల్లగా ఉంది. చలికాలంలో చల్లగాక వెచ్చగా ఉంటుందా? ఇది చూపించడానికా పనిమీదున్నదాన్ని పిలిచావు?"

"చల్లగా కాదు తల్లీ. చలికన్నా చల్లగా. ఇక్కడ పెట్టు, ఇప్పుడు ఇక్కడ. తేడా తెలిసిందా?"

ఆవిడ మళ్ళీ పెట్టింది. అటు పెట్టింది, ఇటు పెట్టింది. నుదురు ముడిచింది. "అవునే. ఎందుకలా?"

"చలిని పిండుతోంది. పిండి వేడి తీసుకుని పిప్పి ఇటు వదులుతోంది."

"చలిలో వేడెక్కడిదయ్యా?"

"ఉందమ్మా" అన్నాడు మేస్త్రి. "ఉంది. నాకూ తెలియదు ఇప్పటిదాకా."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. కిటికీ వైపు చూసింది. లోపల్నుంచి ఏడుపు సన్నగా వస్తోంది.

"ఇంత చలి పిండి ఎవరికి పోస్తున్నారు?"

"గుప్పెడంత పిల్లకి."

ఆవిడ చీపురు గోడకు ఆనించి, రెండో చేతితొడుగు కూడా తీసేసి, ఈసారి రెండు అరచేతులూ ఫ్యాను ముందు, పొయ్యి దగ్గర చలి కాచుకున్నట్టు చాపి పట్టుకుంది. మేస్త్రి కూడా తన చేతులు వాటి పక్కన పెట్టాడు.